కాన్సలేటుకి చేరిన ఫోటో

"చొక్కా వదులు బావా, చిరుగుద్ది!"

"చిరగనీరా! ఇవాళ చొక్కాతో సరిపెడితే నీ అదృష్టం!"

నా కొట్లో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక టైపు మిషను. ఆ ఇరుకులో ఇద్దరు మగాళ్ళు కలబడితే ముందు కిందపడేది మిషనే. నేను దాన్ని రెండు చేతులా గుండెకి అదుముకుని గోడకి అతుక్కుపోయాను.

చొక్కా పట్టుకున్నాయన శౌరయ్య, బందరు కాలవ మీద లాకుల దగ్గర లస్కరు. ముప్ఫై ఏళ్ళుగా లాకు తలుపులు తిప్పిన చేతులు ఆయనవి. ఆ చేతుల్లో చిక్కినవాడు ఆయన బావమరిది ఇశ్రాయేలు. ఇబ్రహీంపట్నంలో కడుతున్న థర్మల్ స్టేషన్లో వెల్డరు.

"నా తమ్ముణ్ణి చంపేస్తావా ఏందయ్యా!" శౌరయ్య భార్య అమలమ్మ ఇద్దరి మధ్యా దూరింది. "రామాంజనేయులుగారూ, చూస్తా నిలబడతారేంటండీ, విడదీయండి!"

"మిషను ఎక్కడ పెట్టనమ్మా?" అన్నాను.

వాళ్ళ కూతురు తెరేసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మిషన్ ఆసుపత్రిలో నర్సు. చేతిలో మద్రాసు నుంచి వచ్చిన పొడుగాటి కవరు. ఆ పిల్ల ఏడవడం లేదు, అరవడం లేదు. కవరు నా చేతికిచ్చి, "మీరే చదివి చెప్పండి, వీళ్ళు వింటారు" అంది.

అది డెబ్బై ఎనిమిది జూలై, గురువారం. వన్ టౌన్‌లో పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడు రామాంజనేయులంటే ఎవరైనా నా కొట్టు చూపిస్తారు. తెరేసమ్మ కాగితాలన్నీ నేనే తయారుచేశాను. పశ్చిమ జర్మనీలో ఒక ఆసుపత్రి మూడేళ్ళ కాంట్రాక్టు మీద నర్సుల్ని తీసుకుంటోంది. పెళ్ళికాని వాళ్ళకే ఉద్యోగం, వాళ్ళకే వీసా. పాస్‌పోర్టు వచ్చేసింది. మిగిలింది మద్రాసు కాన్సలేటు ముద్రొక్కటే.

కవరు విప్పాను. లోపల ఇంగ్లీషు ఉత్తరం. తెలుగులో చదివాను.

"మీరు అవివాహితనని రాసిచ్చారు. మూడేళ్ళ కిందటే మీకు వివాహమైనట్లు మాకు ఒక ఉత్తరం, ఒక ఫోటో అందాయి. వాటి నకళ్ళు జతపరిచాం. సోమవారం ఉదయం పదకొండు గంటలకి తగిన రుజువులతో స్వయంగా రండి. రాకపోతే దరఖాస్తు తోసివేస్తాం."

జతపరిచిన ఉత్తరం కూడా ఇంగ్లీషులో టైపు చేసిందే. కింద 'శ్రేయోభిలాషి' అని ఉంది తప్ప పేరు లేదు. తెరేసమ్మకి సొంత మేనమామ ఇశ్రాయేలుతోనే పెళ్ళయిందట.

ఫోటో నకలు చూశాను. నవ్వొచ్చింది. శౌరయ్య మొహం చూసి ఆపుకున్నాను.

పట్టుచీర కట్టి, పూలజడ వేసుకుని, మెళ్ళో దండతో కుర్చీలో కూర్చున్న పిల్ల. పక్కన మెళ్ళో దండతో ఇశ్రాయేలు. ముందు స్టూలు మీద పళ్ళెం నిండా నువ్వుల చిమ్మిలుండలు.

"పెళ్ళి ఫోటోలో చిమ్మిలేంటమ్మా?" అన్నాను అమలమ్మతో. "ఇది అమ్మాయి పెద్దమనిషైనప్పటి ఫోటో కదూ?"

"కాక? పదమూడేళ్ళప్పుడండీ. మేనమామ చీర పెట్టి దండేశాడు. ఆ ఫోటోలాయన రెండో దండ మిగిలిందని సరదాకి వీడి మెళ్ళో వేశాడు."

మన కృష్ణాజిల్లాలో ఏ ముసలమ్మకి చూపించినా ఒక్క చూపులో చెప్పేస్తుంది. మద్రాసులో కూర్చున్న దొరకి చిమ్మిలి ఏం తెలుస్తుంది? ఆయనకి కనబడేది పట్టుచీర, రెండు దండలు, ఒక ఆడ, ఒక మగ.

"ఈ ఫోటోలు రెండే రెండండీ," శౌరయ్య రొప్పుతూ అన్నాడు. "ఒకటి మా గోడ మీదుంది. రెండోది వీడి పెట్టెలో. చిన్నప్పుడు 'నా పెళ్ళాం, నా పెళ్ళాం' అంటా పిల్లని భుజాన వేసుకు తిరిగేవాడు. ఆ పిచ్చి పోలేదు వీడికి."

"ఏ మేనమామ అనడు బావా ఆ మాట? ఊళ్ళో అందరూ అంటారు! నా ఫోటో నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడే బస్సెక్కు, చూపిస్తా."

"మీరిద్దరూ కొట్టుకుంటే వీసా రాదు," అన్నాను. "సోమవారం పొద్దున ఆ పిల్ల చేతిలో ఏముండాలో అది చూడండి. పెళ్ళి కాలేదని ఫాదర్ గారు రాసిచ్చిన పత్రం ఉండాలి. అది కాన్సలేటు వాళ్ళు రెండు నెలల నుంచీ అడుగుతున్నారు. ఏమ్మా, ఇంకా తేలేదా?"

"డ్యూటీలు కుదరలేదండీ," అంది తెరేసమ్మ. "ఫాదర్ గారు మూడు ఆదివారాలు చాటించందే ఇవ్వరు."

చాటింపంటే పెళ్ళికి ముందు గుళ్ళో చేసేది. వరసగా మూడు ఆదివారాలు పూజ మధ్యలో ఫాదర్ గారు పేరు చదువుతారు. ఈ మనిషి పెళ్ళికి అడ్డం ఏదన్నా ఉందని తెలిసినవాళ్ళు లేచి చెప్పాలి. వాళ్ళ గుడికి విచారణ గురువైన ఫాదర్ అంతోని ఇంకో మెట్టు పైనుంటారు. పెళ్ళికే కాదు, పెళ్ళి కాలేదన్న పత్రానికి కూడా చాటిస్తారు. ఎప్పుడో ఒక పెళ్ళయినవాడు ఆయన చేత పత్రం రాయించుకుని సింగపూరు పోయాడట. అప్పటినుంచీ ఆ పట్టింపు.

మూడు ఆదివారాలు ఎక్కడున్నాయి? ఉన్నది ఒక్కటే.

మధ్యాహ్నానికి అందరం ఫాదర్ గారి బంగళాలో ఉన్నాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూసి ముందు పగలబడి నవ్వారు. తర్వాత ఉత్తరం చదివారు. నవ్వు పోయింది.

"నేను బాప్తిస్మం ఇచ్చిన పిల్ల మీద ఇంత అబద్ధమా! సొంత మేనమామతోనా? ఆదివారం పూజ కాగానే పత్రం ఇస్తాను. చాటింపులు లేకుండానే ఇస్తాను."

శౌరయ్య ఆయన కాళ్ళకి దండం పెట్టబోయాడు.

"ఆగు శౌరయ్యా, అయిపోలేదు. పేరు లేని ఉత్తరానికి నేను పేరు పెట్టి జవాబివ్వాలి. ఇవాళ కాన్సలేటుకి రాసినవాడు రేపు నామీద బిషప్ గారికి రాస్తాడు. వాడెవడో నాకు తెలియాలి. పేరు తెలిసేదాకా నా సంతకం పడదు."

"పేరు నాకు తెలుసు ఫాదర్. ఇశ్రాయేలు."

"రుజువు?"

శౌరయ్య దగ్గర రుజువు లేదు. అందరూ నావైపు చూశారు. నాకా, చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. తెరిచి ఉన్న తలుపు కంటే మూసిన తలుపు నన్ను ఎక్కువ లాగుద్ది. "ఆదివారం లోపల పేరు తెస్తాను," అన్నాను.

అప్పుడు తెరేసమ్మ మొహం ఒక్కసారి పాలిపోయింది. వీసా భయం అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోటో నకలు పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళ వెనక పరదా మీద బొమ్మ ఉంది. చెరువు, చెరువులో తెల్ల హంస, గట్టున సగం విరిగిన స్తంభం. ఆ హంస నాకు తెలుసు. నా పెళ్ళి ఫోటోలోనూ ఉంది. మా వీధికి రెండు సందుల అవతల, ఉల్లిపాయల గోడౌన్ మీద మేడగదిలో హనుమయ్య స్టూడియో.

వాన పడుతోంది. హనుమయ్య గిరాకీ లేక, స్టాండు మీద కెమెరాకి గుడ్డ కప్పి, బీడీ కాల్చుకుంటున్నాడు.

"పదేళ్ళ కిందటి ఫోటో. దీనికి ఈ మధ్య ఇంకో కాపీ ఏమన్నా వేశావా?"

"పదేళ్ళదా? నెగెటివ్ నంబరు చెప్తే ఇరవై ఏళ్ళదైనా తీస్తా." నకలు దీపం దగ్గర పెట్టి చూశాడు. "అరె! ఇది మొన్న మే నెలలోనే వేశాను. కుర్రాడొచ్చాడు. నంబరు చీటీ మీద రాసుకొచ్చాడు."

"నంబరెక్కడుంటుంది?"

"ఫోటో వెనకాల, పెన్సిల్‌తో. ఫోటో చేతిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది."

అంటే శౌరయ్య గోడ మీది ఫోటో దించినవాళ్ళు, లేదా ఇశ్రాయేలు పెట్టె తెరిచినవాళ్ళు. "కుర్రాడు ఎట్టా ఉంటాడు?"

"సన్నగా, నల్లగా. ముప్ఫై లోపే." హనుమయ్య బీడీ తీసి నవ్వాడు. "పని తెలిసిన కుర్రాడండీ. డార్క్ రూములోకి తల పెట్టి, హైపో మందు ఎంత పోస్తారు, డెవలపరు ఎన్నాళ్ళకి మారుస్తారు అని ఒకటే ప్రశ్నలు. ఇంకో స్టూడియో వాడేమో అనుకున్నా. చూస్తే గోళ్ళు కూడా నా గోళ్ళలాగే ఉన్నాయి." చెయ్యి చాపి చూపించాడు. డెవలపరు మందులో నాని నాని గోళ్ళన్నీ గోధుమరంగులో ఉన్నాయి.

"మరి స్టూడియో వాడేనా?"

"కాదట. మేం కడిగే ఫిలిములు ఇంతకంటే పెద్దవి అన్నాడు. మనిషంత ఫిలిం ఎక్కడ కడుగుతారయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు."

హనుమయ్యకి తెలియలేదు గానీ నాకు మెట్లు దిగేలోపలే తెలిసింది. పెద్ద పెద్ద ఫిలిములు కడిగేది ఎక్స్‌రే గదిలో. ఆసుపత్రిలో.

శనివారం పొద్దున తెరేసమ్మ పనిచేసే ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే గది ముందు బల్ల మీద విరిగిన చేతులు, కాళ్ళు వరసగా కూర్చున్నాయి. లోపల్నుంచి తడి ఫిలిం క్లిప్పుకి వేలాడదీసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా, నల్లగా. గోళ్ళు గోధుమరంగు. పేరు అడిగితే పోతురాజన్నాడు. బందరు అవతల సముద్రం ఒడ్డున ఊరు, చేపల వేట ఇంటి పని. ఆ కుటుంబంలో చదువుకుని ఆసుపత్రిలో చేరింది తానొక్కడేనట.

వరండా చివరికి తీసుకెళ్ళి అడిగాను. "మే నెలలో హనుమయ్య దగ్గర ఫోటో వేయించావు. ఎందుకు?"

"మీరెవరండీ?"

"తెరేసమ్మ వీసా కాగితాలు చూసేవాణ్ణి."

"వీసా ఆగిపోద్దా అండీ?"

"ఆగాలనే కదా ఫోటో పంపింది?"

"అయ్యయ్యో, ఆగకూడదండీ! ఆవిడ వెళ్ళాలండీ." గొంతు తగ్గించాడు. "మీకు దండం పెడతాను. నన్ను చూసినట్టు శౌరయ్యగారికి మాత్రం చెప్పకండి. సోమవారం గడిస్తే చాలండీ. ఆ ఒక్కరోజూ గడవనివ్వండి."

ఇంకేం అడిగినా ఫిలిం ఆరబెట్టాలని లోపలికి పోయాడు.

నేను బయటికొచ్చి టీ బండి దగ్గర బల్ల మీద కూలబడ్డాను. పిల్ల వెళ్ళిపోతుందని కడుపు మండిన ప్రేమికుడెవడో ఉత్తరం రాశాడంటే అర్థముంది. వీడు వీసా రావాలని దండాలు పెడుతున్నాడు. వీసా రావాలనుకునేవాడు వీసాకి అడ్డం ఎందుకు వేస్తాడు?

ఆకాశరామన్న ఉత్తరం జేబులోంచి తీసి మళ్ళీ చదివాను. ఈసారి మాటలు వదిలేసి కాగితం చూశాను. పైన కుడివైపు ఫైలు నంబరు ఉంది. కాన్సలేటు వాళ్ళు ఇచ్చిన నంబరు, బారుగా, గీతలతో సహా. ఆ నంబరు కార్డు మీద నా కొట్టుకే వచ్చింది. నేను చదువుతుంటే పుస్తకంలో రాసుకున్న మనిషి తెరేసమ్మ ఒక్కతే.

టీ చల్లారిపోయింది. వేరే దారిలో ఆలోచించాను. ఈ ఉత్తరం వల్ల ఇంతవరకూ జరిగిందేమిటి? వీసా ఆగలేదు. ఇశ్రాయేలు చొక్కా చిరిగింది. శౌరయ్య ఊరంతా తిరిగి తన కూతురికి పెళ్ళి కాలేదని ప్రమాణాలు చేస్తున్నాడు. ఫాదర్ గారు కోపంతో పత్రానికి ఒప్పుకున్నారు.

మూడు చాటింపులు లేకుండా.

అదీ సంగతి! కోపమున్నవాడు రాస్తే నమ్మేలాంటి అబద్ధం రాస్తాడు. ఇది చిమ్మిలి పళ్ళెంతో సహా పంపిన అబద్ధం. చూసిన ప్రతి తెలుగువాడూ నవ్వి కొట్టిపారేయాలనే పంపింది. అబద్ధం పెళ్ళిని అందరి చేతా కొట్టేయిస్తే, నిజం పెళ్ళి సంగతి ఇక ఎవరూ అడగరు. మూడు ఆదివారాలు గుళ్ళో పేరు చదివితే మాత్రం ఎవరో ఒకరు లేచి నిలబడతారు.

నిజం పెళ్ళి ఎక్కడుంటుంది? పోతురాజన్న పేరే చెప్తోంది, గుళ్ళో ఉండదు. వేరు మతాలవాళ్ళు పెళ్ళి చేసుకునే చోటు ఒకటే. రిజిస్ట్రారు ఆఫీసు. అక్కడా ఒక చాటింపుంది. పెళ్ళికి నెల ముందు నోటీసు గోడకి అంటిస్తారు, పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం ఎవరైనా చూడొచ్చు. ఆ గోడ మాత్రం ఎవడూ చదవడు.

నేరుగా అక్కడికే వెళ్ళాను. ఆఫీసు అటెండరు నాకు తెలిసినవాడే. పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు. జనవరి లేదు. ఫిబ్రవరి లేదు. మార్చి రెండో పేజీలో ఆగాను. వరుడు పోతురాజు. వధువు తెరేసమ్మ, తండ్రి శౌరయ్య, లస్కరు. ఏప్రిల్లో పెళ్ళి జరిగినట్టు పక్కన ఎర్ర సిరాతో నంబరు.

ఆదివారం పూజ అయ్యేసరికి వాన వెలిసింది. ఫాదర్ గారి బంగళా వరండాలో తెరేసమ్మ నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర రేకు పెట్టె, చేతిలో మద్రాసు బండి టిక్కెట్టు. బండి మూడు గంటలకి.

"స్టూడియోకి వెళ్ళారటగా బాబాయిగారూ," అంది.

"రిజిస్ట్రారు ఆఫీసుకి కూడా వెళ్ళానమ్మా."

"ఆయన వేటకెళ్ళే వాళ్ళ అబ్బాయి. మా నాన్న ఈ జన్మలో ఒప్పుకోడు. ఇక్కడ కాపరం పెట్టే దారి లేదు. మూడేళ్ళు అక్కడ చేస్తే ఆయన్ని పిలిపించుకోవచ్చన్నారు. ఇదొక్కటే దారండీ." టిక్కెట్టు నాలుగు మడతలు పెట్టింది. "చెప్పేస్తారా?"

"నా నోటితో చెప్పను. వేరేవాళ్ళ పేరు రాస్తే మాత్రం ఊరుకోను."

"ఎవరో తెలియలేదని చెప్పండి. ఫాదర్ గారు మెత్తబడతారు. మామయ్య పేరు రాయరు, రుజువు లేదుగా."

లోపల బల్ల మీద పత్రం టైపు చేసి సిద్ధంగా ఉంది. దాని పక్కన, ఉత్తరం రాసినవాడి పేరు ఎక్కించడానికి ఫిర్యాదుల పుస్తకం. ఫాదర్ గారు పెన్ను మూత తీశారు. శౌరయ్య, అమలమ్మ ఒకవైపు. కొత్త చొక్కా వేసుకుని ఇశ్రాయేలు ఒక్కడే రెండోవైపు.

"రామాంజనేయులుగారూ, పేరు తెచ్చారా?"

"ఇశ్రాయేలు కాదండీ," అన్నాను. "అది మాత్రం గట్టిగా చెప్పగలను."

"మరెవరు?"

నేను నేల చూశాను.

"చెప్పరేంటండీ!" శౌరయ్య లేచాడు. "వీడు కాకపోతే పేరు చెప్పడానికి అడ్డమేంటి? డబ్బులిచ్చి మీ నోరు మూయించాడా వీడు?"

"ఏమయ్యా, ఏం మాటలవి!" అంది అమలమ్మ.

"పేరు లేకపోతే సంతకం లేదు శౌరయ్యా," ఫాదర్ గారు పెన్ను మూత పెట్టేశారు. "నేను ముందే చెప్పాను. అమ్మాయీ, నన్ను క్షమించు."

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. తెరేసమ్మ తలుపు చెక్క పట్టుకుంది. ఇశ్రాయేలు మేనకోడలి వైపు చూశాడు. చాలా సేపు చూశాడు. ఆ పిల్ల కళ్ళు దించేసుకుంది. అప్పుడు ఆయనకి ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో, గొంతు సవరించుకున్నాడు.

"నేనే రాశాను ఫాదర్."

"ఒరే!" అమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పిల్ల దూరమైపోద్దని రాశాను. తప్పే. పేరు రాసుకోండి, ఆ సంతకం పెట్టేయండి. బండికి టైమవుతుంది."

"నువ్వు ఇంగ్లీషులో రాశావా?" ఫాదర్ గారు కళ్ళజోడు మీంచి చూశారు.

"రాయించా."

"ఎవరి చేత?"

"అదెందుకండీ? ఎవరో బజార్లో."

శౌరయ్య ఈసారి చొక్కా పట్టుకోలేదు. అరవలేదు కూడా. "అమలా, విన్నావుగా," అన్నాడు నెమ్మదిగా. "ఈ రోజుతో నీకు తమ్ముడు లేడు. నేను పోయినా వీడు నా శవం దగ్గరికి రాకూడదు. వస్తే నువ్వు వాడితోనే పో."

అమలమ్మ గోడకి జారి కూర్చుంది. ఫాదర్ గారు పుస్తకం తెరిచి ఒక్కో అక్షరం రాశారు. ఇ. శ్రా. యే. లు. పుస్తకం ఇశ్రాయేలు వైపు తిప్పి పెన్ను అందించారు. "ఇక్కడ సంతకం పెట్టు. తర్వాత నేను పత్రం మీద పెడతాను."

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు తెరేసమ్మ వచ్చేసింది. నాలుగు అడుగుల్లో బల్ల దగ్గరికొచ్చి ఆ పుస్తకం మీద అరచెయ్యి పరిచింది.

"సంతకం పెట్టకు మామయ్యా."

"నువ్వూరుకో. బండి పోద్ది."

"పోనీ." ఫాదర్ గారి వైపు తిరిగింది. "ఆ పేరు కొట్టేయండి ఫాదర్. మామయ్యకి ఆ ఉత్తరంలో ఒక్క ముక్క తెలియదు. ఫోటో నంబరు తీసిందీ నేనే, ఉత్తరం టైపు చేసిందీ నేనే. రాసుకోండి. తెరేసమ్మ. శౌరయ్య కూతురు, పోతురాజు భార్య, తెరేసమ్మ."